ఆరు కప్పులు

ఎర్లెన్‌బుర్గ్‌లో మంగళవారం పసుపు సంచుల రోజు. ప్లాస్టిక్ చెత్తంతా పసుపు సంచిలో మూటకట్టి పొద్దున ఆరింటికల్లా గుమ్మం ముందు పెట్టాలి. ముందురోజు మధ్యాహ్నమే పెట్టేస్తే పక్కింటివాళ్ళు నొసలు చిట్లిస్తారు. ఈ సంగతి ఆ ఊళ్ళో కొత్తగా దిగినవాళ్ళకి తెలియకపోవచ్చు గానీ, అక్కడికి అయిదువేల కిలోమీటర్ల దూరాన, కొండల మధ్యనున్న కొచ్కోర్ బళ్ళో తొమ్మిదో తరగతి పిల్లలకి కంఠతా వచ్చు. కొచ్కోర్‌లో చెత్తబండి మొహం చూసి రెండు వారాలైంది. అది వేరే సంగతి.

ఆ పిల్లలకి జర్మన్ చెప్పే జూరకాన్ జర్మనీలో ఒక్క పూట కూడా గడిపిన మనిషి కాదు. అయితేనేం, పదకొండేళ్ళుగా రోజూ ఎర్లెన్‌బుర్గ్‌కి వెళ్ళొస్తూనే ఉంది. ఆ ఊరి పురపాలక సంఘం వెబ్‌సైటు, బస్సుల టైమ్‌టేబులు, కిరాణా దుకాణంవాళ్ళు వారం వారం పెట్టే తగ్గింపు ధరల కాగితం, ఊరి చౌరస్తాని పగలూ రాత్రీ కన్నార్పకుండా చూపించే కెమెరా, ఇవే ఆవిడ పాఠ్యపుస్తకాలు. చూసిందల్లా నల్ల అట్టల నోటుపుస్తకంలో రాసుకుంటుంది. అలాంటి పుస్తకాలు ఇప్పటికి ఏడయ్యాయి.

ఆ మంగళవారం మధ్యాహ్నం తరగతి గోడ మీద చౌరస్తా వెలిగింది. అక్కడ పొద్దున తొమ్మిది, సన్నటి వాన. గొడుగేసుకున్న పెద్దమనిషి ఒకాయన ఎర్రదీపం దగ్గర నిలబడ్డాడు. ఇటు బండి లేదు, అటు బండి లేదు.

"దాటడేంటక్కా? కాళ్ళు పట్టేశాయా?" అంది వెనక బల్ల పిల్ల. కొచ్కోర్‌లో టీచరమ్మల్ని అక్కా అనే పిలుస్తారు.

"ఎర్రదీపం ఉందిగా."

"ఎవరూ లేరుగా!"

"నువ్వు చూస్తున్నావుగా," అంది జూరకాన్. తరగతి గొల్లుమంది.

"నవ్వింది చాలు. దుకాణాల బోర్డులు తర్వాత చదవొచ్చు. మనుషుల చేతులు చూడండి. ఒక ఊరు తెలియాలంటే అక్కడివాళ్ళ చేతులు ఏం చేస్తున్నాయో చూడాలి." ఈ మాట ఆవిడ ప్రతి ఏడూ ప్రతి తరగతికీ చెబుతుంది. చెప్పినప్పుడల్లా ఆవిడకి కాస్త గర్వంగానే ఉంటుంది.

గంట కొట్టి పిల్లలు వెళ్ళిపోయాక ప్రొజెక్టరు తీగ చుట్టుకుంటుంటే ఫోను మోగింది. మీరిమ్.

మీరిమ్ పంతొమ్మిదేళ్ళ పిల్ల. అదే బళ్ళో, అదే బల్లల మీద కూర్చుని అదే చౌరస్తా చూసిన పిల్ల. నెల దాటి పదిరోజులైంది ఎర్లెన్‌బుర్గ్‌కి వెళ్ళి. ఏడాదిపాటు అక్కడి వృద్ధాశ్రమంలో సేవ, అది సవ్యంగా గడిస్తే అక్కడే నర్సు చదువు. వేరే ఊళ్ళలో కూడా చోటు దొరికేదే. "వీధులు తెలిసిన ఊరుండగా తెలియని ఊరెందుకక్కా" అని ఇదే కోరుకుంది.

"క్లాసు అయిందా అక్కా?"

"అయింది. ఏంటే, గొంతు అలా ఉంది?"

"నేను దొంగరాతలు రాశానంటున్నారక్కా."

జూరకాన్ పిల్లల బల్ల మీదే కూర్చుండిపోయింది. మీరిమ్ ముక్కు ఎగబీలుస్తూ చెప్పుకొచ్చింది. ముసలివాళ్ళు నీళ్ళు తాగడం మర్చిపోతారని ఆశ్రమంలో మనిషికొక కాగితం ఉంటుంది. ఎన్ని కప్పులు తాగితే అన్ని గీతలు పెట్టడం పోసినవాళ్ళ పని. ఫ్రౌ హార్మ్స్, అంటే హార్మ్స్ అమ్మగారు, ఎనభై తొమ్మిదేళ్ళావిడ, ఒకప్పుడు రైల్వేలో టిక్కెట్లిచ్చేది, ఆదివారం కళ్ళు తిరిగి పడబోయింది. డాక్టరొచ్చి ఒంట్లో నీళ్ళు తక్కువయ్యాయన్నాడు. కాగితం తీసి చూస్తే మధ్యాహ్నం కాఫీ వేళకి రోజూ ఆరేసి గీతలున్నాయి. అన్నీ మీరిమ్ పెట్టినవే.

"ఆవిడేమో, 'ఆ పిల్ల నాకు పిచ్చుకకి పోసినట్టు పోస్తుంది' అందిటక్కా."

"నువ్వెన్ని పోశావ్?"

"ఆరే. అమ్మతోడు. రోజూ ఆరు పోశాను, ఆరు గీశాను. శుక్రవారం పదకొండింటికి మీటింగు పెట్టారు. నన్ను ఉంచాలో పంపాలో తేల్చుకునే పరీక్షాకాలం వచ్చే సోమవారంతో అయిపోతుంది. మా వార్డు పెద్ద ఫ్రౌ డిట్మర్ ఏమందో తెలుసా? 'పోయకపోతే మర్చిపోయావనుకుంటాను. పోసినట్టు రాస్తే ఏమనుకోవాలి?' అంది. నన్ను వెనక్కి పంపేస్తారక్కా."

"ఎవరూ పంపరు. ఏడవకు. నేను చూస్తాను."

చూస్తానని అనేసింది గానీ, ఇక్కడ కూర్చుని చూడగలిగింది ఎర్రదీపం దగ్గరి మనిషిని ఒక్కడినే. ఆయన కూడా ఎప్పుడో దాటి వెళ్ళిపోయాడు.

సాయంత్రం ఇంట్లో టీనీళ్ళు కాచే సమోవర్ బుసలు కొడుతోంది. గుడ్డ పరిచి దాని మీద రొట్టె, మీగడ, ఆప్రికాట్ జామ్ పెట్టి ఉన్నాయి. ఇంటి పెద్ద కూర్చునే పైస్థానంలో అత్తగారు బాత్మా, మెత్తల మీద మఠం వేసుకుని కూర్చుంది. ఎనభై నాలుగేళ్ళు. జూరకాన్‌కి యాభై ఒకటి వచ్చినా ఆ ఇంట్లో కోడలు కోడలే కాబట్టి టీ పోసే పని ఆవిడదే. చిన్న కూజాలోంచి చిక్కటి డికాక్షన్ కాస్త, సమోవర్ నీళ్ళు కాస్త, పాలు కాస్త, వెరసి పిడిలేని గిన్నె అడుగున రెండు గుక్కలు. ఎడంచెయ్యి గుండెకి ఆనించుకుని కుడిచేత్తో అందించింది. అత్తగారు జుర్రుమని తాగి గిన్నె చాపింది. మళ్ళీ రెండు గుక్కలు. మళ్ళీ చాపింది. ఆ చేతులకి అలసట లేదు, ఈ చేతులకి ఆలోచన లేదు.

తలుపు తోసుకుని మీరిమ్ తల్లి కలీమా వచ్చింది. బజార్లో రొట్టెలమ్ముతుంది. మంచులో నడిచొచ్చిన బూట్లు విప్పుతూ గుమ్మంలోనే మొదలుపెట్టింది.

"నా కూతురు అబద్ధాలకోరైందటగా జూరకాన్! ఎలా అయిందో నువ్వే చెప్పాలి."

"ముందు కూర్చో. టీ తాగు."

"టీ తాగే మొహమా నాది!" అంటూనే కూర్చుంది. రొట్టె ముక్క నోట్లో వేసుకోకుండా ఎవరింటి నుంచీ లేచి రాకూడదు మరి. గిన్నె అందుకుంది, తాగింది, చాపింది, మళ్ళీ అందుకుంది. కోపం కోపమే, టీ టీయే.

"పదిహేడేళ్ళు పెంచాను, నా దగ్గర ఒక్క అబద్ధం ఆడలేదది. రొట్టె మాడితే మాడిందని కొనేవాళ్ళతో చెప్పి నా బేరం చెడగొట్టేది. తర్వాత రెండేళ్ళు పొద్దస్తమానం నీ దగ్గరే. ఏం నేర్పావు? పసుపు సంచీ, ఎర్రదీపం, పావుగంట ముందు పోవడం! ఒకళ్ళ పంచన మాట పడకుండా ఎలా బతకాలో నేర్పావా?"

"కలీమా, అది ఆరు పోసింది, ఆరు రాసింది."

"మరి ఆ ముసలావిడకి ఎందుకు చాల్లేదు? నీకు తెలీదు. ఎలా తెలుస్తుంది, నువ్వా దేశం చూస్తేగా! గుర్రమెక్కనివాడు స్వారీ నేర్పినట్టుంది నీ చదువు."

జూరకాన్‌కి చుర్రుమంది. పరాయివాళ్ళెవరో అనుంటే నాలుగు దులిపేసేది. కలీమా అన్నది నిజం. ఇన్నేళ్ళుగా తనని తాను అడగకుండా పక్కనుంచి తప్పుకుపోతున్న ప్రశ్న అది. సమోవర్ కుళాయి తిప్పుతుంటే సిగ్గేసింది.

అత్తగారు రొట్టె నములుతూ తీర్పు చెప్పేసింది. "ఎందుకే రాద్ధాంతం? పిల్లది, పెద్దావిడ ముందు తలొంచి తప్పయిందంటే పోలా? తప్పో ఒప్పో తర్వాత చూసుకోవచ్చు. తలొంచితే మెడ అరిగిపోతుందా?"

ఆ మాట ఇద్దరికీ నచ్చింది. ఎవరింట్లోనైనా పెద్దవాళ్ళు అలిగితే జరిగేది అదే కదా.

బుధవారం బడి కాగానే జూరకాన్ కిటికీ పక్కన, సిగ్నలు బాగా అందేచోట ల్యాప్‌టాప్ పెట్టుకుని కూర్చుంది. ఆ నీళ్ళ కాగితం ఎలా ఉంటుందో ముందు చూడాలి. ఒక నర్సింగ్ బడివాళ్ళ పేజీలో ఖాళీ నమూనా దొరికింది. ఎడంపక్క గంటలు, మధ్యలో గళ్ళు, అడుగున చిన్నక్షరాలతో కప్పు నూటయాభై మిల్లీలీటర్లు, గ్లాసు రెండువందలు. దాన్ని నోటుపుస్తకంలో గీసుకుంది. నూటయాభైని గుండ్రంగా చుట్టింది కూడా. చుట్టింది గానీ దాని దగ్గర ఆగలేదు. ఆవిడ మనసంతా ఉత్తరం మీద ఉంది.

క్షమాపణ ఉత్తరాల నమూనాలు అరడజను చదివి, మూడుసార్లు కొట్టేసి, తనకొచ్చిన జర్మన్‌లోకెల్లా మర్యాదైన జర్మన్ ఏరి పేర్చింది. 'జరిగినదానికి హృదయపూర్వకంగా విచారిస్తున్నాను. నా తప్పును మన్నించి ఇంకొక అవకాశం ఇవ్వవలసిందిగా ప్రార్థన.' చదువుకుంటే ముచ్చటేసింది. మీరిమ్‌కి పంపింది.

"చెయ్యని తప్పుకి క్షమాపణేంటక్కా?" అంది మీరిమ్ ఫోనులో.

"తప్పు చేశావని కాదే. పెద్దావిడ మనసు కష్టపడింది, అందుకు. మనింట్లో అయితే ముందు తలొంచి తర్వాత కదా మాట్లాడతాం?"

"ఇక్కడ కూడా అంతేనా?"

జూరకాన్ ల్యాప్‌టాప్ మూసింది. "మనుషులు ఎక్కడైనా మనుషులేగా," అంది.

"సరే అక్కా. నువ్వు చెప్పావు కాబట్టి."

ఆ చివరి మాట జూరకాన్‌కి ఆ పూట తియ్యగానే వినపడింది.

గురువారం మధ్యాహ్నం ఒంటిగంటకి, అక్కడ పొద్దునే పనిలో దిగిన వెంటనే, మీరిమ్ ఫోను చేసింది. ఈసారి ఏడవడం లేదు. అదే ఎక్కువ భయపెట్టింది.

"ఇచ్చానక్కా ఉత్తరం. ఫ్రౌ డిట్మర్ రెండుసార్లు చదివింది. మిషనుతో పక్కన రెండు రంధ్రాలు కొట్టి నా ఫైల్లో పెట్టింది. 'నిజం ఒప్పుకున్నందుకు సంతోషం. రేపు ఇది కూడా బల్ల మీద ఉంటుంది' అంది."

"ఒప్పుకోవడమేంటి? అందులో..."

"నా తప్పు అని రాసుంది అక్కా. నువ్వే రాశావు."

పుండు మీద కారం చల్లింది వేరెవరో కాదు, జూరకానే. అక్కడ క్షమాపణ కాగితం మీదికి ఎక్కితే అది సాక్ష్యం. ఈ ముక్క ఏడు నోటుపుస్తకాల్లో ఎక్కడా లేదు. తర్వాతి పిరియడు పిల్లలకి రాత పని ఇచ్చి కిటికీలోంచి బురదలో కరుగుతున్న మంచుని చూస్తూ నిలబడింది. పిల్లలు గుసగుసలాడినా ఒక్క మాట అనలేదు. అది చూసి వాళ్ళే సద్దుమణిగారు.

ఇంటికొచ్చి కోటు కూడా విప్పకుండా ల్యాప్‌టాప్ తెరిచింది. మీరిమ్ పోసే పద్ధతిలోనే ఏదో తేడా ఉండాలి. కప్పు ఎడంపక్క పెట్టాలేమో, పళ్ళెంతో సహా ఇవ్వాలేమో. దాని కోసం పాత వీడియో ఒకటి పెట్టింది. ఎర్లెన్‌బుర్గ్‌లోనే ఒక రిటైరైన టీచరమ్మ తన పుట్టినరోజు కాఫీ పార్టీని పొద్దున్నుంచి సాయంత్రం దాకా తీసి పెట్టింది. జూరకాన్ దాన్ని ఏటా తొమ్మిదో తరగతికి చూపిస్తుంది. మూడింటికి పిలిస్తే చుట్టాలు మూడుకి రెండు నిమిషాలుండగా గంట నొక్కడం, కేకు తినే బుల్లి ఫోర్కులు, మడతపెట్టిన కాగితపు రుమాళ్ళు, ఏ సెకనులో ఏముందో నిద్రలో లేపి అడిగినా చెబుతుంది.

అత్తగారు కళ్ళజోడు సవరించుకుంటూ పక్కకి జరిగింది. ఆవిడకి తెర మీద ఏది కదిలినా ఇష్టమే. కాసేపు చూసి బుగ్గ మీద వేలేసుకుంది.

"అయ్యయ్యో, ఎంత మొహమ్మీదే చెప్పేసిందే ఆవిడ!"

"ఏం చెప్పింది అత్తమ్మా? మీకు జర్మన్ ఎప్పుడొచ్చింది?"

"జర్మనెందుకే, కళ్ళు లేవా? చుట్టం వచ్చి సరిగ్గా కూర్చోనేలేదు, అంచుదాకా పోసి ముందు పెట్టేసింది. ఇదొక్కటి తాగి లేచిపొమ్మనడమేగా? అదిగో, పక్కావిడకీ అంతే! పుట్టినరోజని పిలిచి ఇదేం మర్యాద? పైగా ఆ వచ్చినావిడ నవ్వుతోంది చూడు, సిగ్గులేకుండా."

జూరకాన్ చెయ్యి ఆగిపోయింది. వీడియో వెనక్కి తిప్పింది. నల్లటి కాఫీ తెల్లటి కప్పులో పైకి, పైపైకి లేచి, అంచు కింద వేలెడు కూడా కాదు, గోరెడు దూరంలో ఆగింది. ఇంకో కప్పు, అలాగే. ఇంకోటి. పోసే ఆవిడ మొహంలో ఎంత ప్రేమ! కప్పు పట్టుకున్న ఆవిడ మొహంలో ఎంత తృప్తి! పదకొండేళ్ళుగా ఆ చేతుల్ని పిల్లలకి చూపించింది. ఫోర్కు ఎటు పట్టుకున్నాయో చూసింది, రుమాలు ఎటు మడిచాయో చూసింది. ఎంత పోశాయో మాత్రం ఎన్నడూ చూడలేదు. చూసినా ఏం లాభం? తన చేతులు ఎంత పోస్తాయో తనకి తెలిస్తే కదా తేడా కనపడేది! చంకలో పిల్లాణ్ణి పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది.

వంటగదిలోకి పరిగెత్తింది. దగ్గుమందు సీసా మీది కొలత గిన్నె దొరికింది. గిన్నెలో ఎప్పట్లాగే అలవాటుగా టీ పోసి, దాన్ని విడతలుగా కొలత గిన్నెలో వంచి చూసింది. యాభై. మళ్ళీ పోసింది. అరవై. మళ్ళీ యాభై.

"ఏంటే, టీకి మందు కలుపుతున్నావా?" అని గదిలోంచి కేకేసింది అత్తగారు.

ఆరుసార్లూ కలిపితే మూడువందల ఇరవై. నోటుపుస్తకం తీసింది. తాను గుండ్రంగా చుట్టిన నూటయాభై వెక్కిరిస్తున్నట్టుంది. ఆరు కప్పులంటే అక్కడివాళ్ళ లెక్కలో తొమ్మిదివందలు. మీరిమ్ ఆరంది, ఆరే పోసింది, ఆరే రాసింది. ఒక్క గీత కూడా అబద్ధం కాదు. పాపం ఆ ముసలావిడ చెప్పిందీ అబద్ధం కాదు.

అక్కడ మధ్యాహ్న భోజనాల వేళ. మీరిమ్ మెట్ల మీద నిలబడి ఫోనెత్తింది.

"ఫ్రౌ హార్మ్స్‌కి కప్పులో ఎంతదాకా పోస్తావే?"

"ఎంతేంటక్కా? పెద్దవాళ్ళకి పోసేంత."

"అదే, ఎంత?"

"అడుగున. చల్లారకముందే తాగాలిగా. తాగేస్తే మళ్ళీ వెళ్ళి పోస్తాను. ఆవిడ మనవాళ్ళలా కప్పు చాపదు, అడగదు. నేనే కనిపెట్టుకుని ఉండి పోస్తాను. ఆరోసారికి మొహమాటపడి కప్పు మీద చెయ్యి అడ్డం పెట్టేస్తుంది. ఎందుకు అడుగుతున్నావ్?"

"వాళ్ళు అంచుదాకా పోస్తారే, మీరిమ్. అదే వాళ్ళ మర్యాద. ఒక కప్పంటే నిండు కప్పు."

మీరిమ్ మెట్టు మీద కూర్చుంది.

"అక్కా... మొదటిరోజు ఫ్రౌ డిట్మర్ నాకు ఇంతెత్తు కప్పు నిండా కాఫీ పోసిచ్చింది. వచ్చిన రోజే పొమ్మంటోందని బాత్రూంలోకి పోయి ఏడ్చాను. అప్పట్నుంచీ స్టాఫు గదిలో వాళ్ళతో కాఫీకి కూర్చోవట్లేదు. వాళ్ళు పిలిచినా ఏదో పని చెప్పి తప్పించుకుంటున్నాను."

"పిచ్చిదానా! అది నిన్ను ఉండమనడమే."

"అది నాకెవరు చెప్పారు?" అంది మీరిమ్. కోపంతో కాదు, ఊరికే అంది. జూరకాన్‌కి అది కలీమా తిట్టిన తిట్టుకన్నా లోతుగా దిగింది.

"నేనే చెప్పాల్సింది. నాకు తెలీదమ్మా. సరే, ఇవాళ మూడింటికి ఆవిడకి నిండా పొయ్యి. మిగతాది రేపు చూద్దాం."

"నా వల్ల కాదక్కా."

"ఏం? తెలిసిందిగా ఇప్పుడు!"

"తెలిసింది. కానీ ఆవిడకి ఎనభై తొమ్మిదేళ్ళు. పక్క గది తాతగారు పోయిన వారమే పోయారు. ఆ గది ఇంకా ఖాళీగానే ఉంది, ఆవిడ రోజూ అటే చూస్తూ కూర్చుంటుంది. అలాంటి మనిషి ముందు అంచుదాకా పోసి పెట్టి... ఇక వెళ్ళిరా అని ఎలా చెప్పను? ఆవిడకి అర్థం కాదు, నిజమే. నా చేతికి అర్థమవుతుందిగా!"

జూరకాన్ గోడకి ఆనుకుని నిలబడింది. దీనికి జవాబు ఏ వెబ్‌సైటులోనూ లేదు. కళ్ళు చెమ్మగిల్లాయి. ఇంత మంచి పిల్లని దొంగ అంటారా అని ఉక్రోషం వచ్చింది, ఈ పిల్లకి చదువు చెప్పింది తనే అని గర్వమూ వచ్చింది.

"ఈ మాటే రేపు చెప్పు. ఇప్పుడు నాకు చెప్పినట్టే చెప్పు. ఉత్తరాలు గిత్తరాలు నేనిక రాయను. ఒక కొలత కప్పు అడిగి తీసుకో. వాళ్ళ ముందే నీకు అలవాటైనట్టు ఆరుసార్లు పొయ్యి. వాళ్ళనే కొలుచుకోమను."

శుక్రవారం నాలుగింటికి, అంటే అక్కడ పదకొండింటికి, ఖాళీ తరగతి గోడ మీద చౌరస్తా వెలుగుతోంది. వాన వెలిసింది. జూరకాన్ ముందు బల్ల మీద కూర్చుంది. తలుపు కిర్రుమంటే చూసింది, కలీమా. మీద పిండి మరకలున్న ఉన్ని శాలువా, చంకలో మూటకట్టిన రొట్టె. మాట్లాడకుండా వచ్చి పిల్లలు కూర్చునే ఇరుకు బల్లలో ఎలాగో దూరి కూర్చుంది.

"మా పిల్ల ఇందులో కనపడుతుందా?"

"కనపడదు. ఆశ్రమం ఆ గోపురం వెనకాల, రెండో వీధిలో."

"ఆ గోపురమా?"

"ఆ."

కలీమా గోపురం వెనక్కి తొంగిచూడగలనేమో అన్నట్టు మెడ సాచింది. "శుభ్రంగా ఉందే ఊరు," అంది కాసేపటికి. ఇంకాసేపటికి, "మొన్న ఏదో అన్నాను. గుర్రమనీ అదనీ," అంది.

"అన్నావులే. సరిగ్గానే అన్నావు."

అయిదుకి పది నిమిషాలుండగా ఫోను మోగింది. జూరకాన్ స్పీకర్ నొక్కి బల్ల మీద పెట్టింది. మీరిమ్ గొంతు గుక్క తిప్పుకోకుండా వచ్చింది.

"అక్కా, ఫ్రౌ డిట్మరూ, ఆశ్రమం డైరెక్టరూ, ఫ్రౌ హార్మ్స్ కూడా వచ్చిందక్కా! 'కళ్ళు తిరిగింది నాకు, మీటింగు నేను లేకుండానా' అని చక్రాల కుర్చీలో వచ్చి కూర్చుంది. ముందు ఫైలు తీశారు, ఉత్తరం తీశారు. నేను మాట్లాడకుండా కొలత కప్పు పెట్టి పోశాను. డైరెక్టరు కొలిచి రాసుకున్నాడు. ఆరుసార్లకి మూడువందల నలభై. ఆయన గీతలు లెక్కపెట్టాడు, నా మొహం చూశాడు, మళ్ళీ గీతలు చూశాడు. 'ఆరు ఆరే' అన్నాడు."

కలీమా రెండు చేతులతో మొహం తుడుచుకుంది.

"ఫ్రౌ డిట్మర్ నవ్వలేదు, ఏమీ లేదు. ఫైల్లోంచి ఉత్తరం తీసి నా చేతికిచ్చింది. 'ఇది ఇక్కడ ఉండాల్సింది కాదు. పోయిన వారమే నీ పక్కన నిలబడి ఎలా పోస్తున్నావో చూడాల్సింది, అది నా పని, చెయ్యలేదు' అంది. తర్వాత అడిగింది, ఎందుకలా కొంచెం పోస్తావని. చెప్పాను. నీకు చెప్పినట్టే చెప్పాను. మాటలు మధ్యలో తప్పాయి కూడా."

"ఏమన్నారే?" అంది కలీమా.

"అమ్మా! నువ్వూ ఉన్నావా? డైరెక్టరు కిటికీ వైపు చూశాడు. ఫ్రౌ హార్మ్స్ మాత్రం తన కప్పు అడుగున మిగిలిన కాఫీ చూసుకుంటూ కూర్చుంది. తర్వాత నా వైపు తిరిగి, 'అయితే ఇన్నాళ్ళూ నువ్వు నన్ను ఉండమంటున్నావా?' అంది."

తరగతి గదిలో ఇద్దరు ఆడవాళ్ళూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. గోడ మీద ఎర్రదీపం పచ్చగా మారింది. ఎవరో చంటిపిల్ల బండి తోసుకుంటూ దాటిపోయారు.

"నన్ను ఉంచారక్కా," అంది మీరిమ్. అప్పుడు ఏడ్చింది.

శనివారం పొద్దున ఫోనుకి ఒక ఫొటో వచ్చింది. ఫ్రౌ హార్మ్స్ నీళ్ళ కాగితం, కొత్తది. మధ్యాహ్నం గడిలో అచ్చక్షరాల 'కప్పు' కొట్టేసి, పక్కన వణికే ముసలి చేతిరాతతో, పాతకాలపు వంకర్ల అక్షరాలతో రెండు ముక్కలు రాసున్నాయి. జూరకాన్ కళ్ళజోడు పెట్టుకుని కూడబలుక్కుంటూ చదివింది. కింద అరవై మిల్లీలీటర్ల లెక్కన పదిహేను గీతలు. తొమ్మిదివందలకి ఒక్క చుక్క తక్కువ లేదు.

"ఏం రాసిందే?" అంది అత్తగారు మెత్తల మీదినుంచి.

"'కొంచెం కొంచెంగా పోయవలెను. నేనింకా ఎక్కడికీ వెళ్ళడం లేదు.' అని రాసింది అత్తమ్మా. నిన్న పదిహేనుసార్లు పోయించుకుందట."

"పదిహేనా!" అత్తగారి కళ్ళు మెరిశాయి. "మంచింటి మనిషే. వాళ్ళ వంశంలో మనవైపు నుంచి వెళ్ళినవాళ్ళెవరైనా ఉన్నారేమో కనుక్కోవే."

అని తన గిన్నె చాపింది. జూరకాన్ కూజా వంచి, పోస్తున్న తన చేతిని చూసుకుంటూ, అడుగున రెండు గుక్కలు పోసింది.